ముఠా అనే మాట

మా మేనల్లుడి ఫొటో పేపర్లో ఒకసారి పడింది. జిల్లా పేజీలో, కింది మూల. బల్ల మీద గోధుమరంగు టేపు చుట్టిన పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. బల్ల వెనక పోలీసులు నిలబడ్డారు. బల్ల ముందు నేల మీద ముగ్గురు కుర్రాళ్లు, ముఖాలకు తువ్వాళ్లు. పైన పెద్దక్షరాలతో 'గంజాయి ముఠా అరెస్టు' అని వేశారు.

నడుమ కూర్చున్నవాడు మా అన్నయ్య కొడుకు. ముఖం కనపడకపోయినా చొక్కా చూసి గుర్తుపట్టాను. సంక్రాంతికి గాజువాకలో నేను కొన్న చొక్కా అది.

అటూ ఇటూ కూర్చున్న ఇద్దరూ ఎవరో వాడికి తెలీదు. ఒకే బస్సులో వేరువేరు సీట్లలో, వేరువేరు సంచులతో దొరికారట. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది స్టేషన్లోనే. కేసులు కూడా వేరువేరుగానే కట్టారు. పేపర్లో మాత్రం ముగ్గురూ కలిసి ముఠా అయ్యారు.

అప్పటినుంచి ఈ మాట నన్ను వదల్లేదు. నేను పిల్లలకు తెలుగు చెప్పే పంతులమ్మను. ఒక మాట అర్థం మారిపోతే ఊరుకోలేను.

మా మన్యంలో ముఠా అంటే కొన్ని ఊళ్ల కూటమి. దానికొక ముఠాదారు ఉండేవాడు. శిస్తు వసూలు చేసి పైవాళ్లకు కట్టడం, తగువులు తీర్చడం అతని పని. 1879 రంప పితూరీలో ముందు నిలిచింది ముఠాదార్లే. స్వాతంత్ర్యం వచ్చాక 1969లో రెగ్యులేషన్ తెచ్చి ఆ పద్ధతి రద్దు చేశారు. మా తాత నోట 'మన ముఠా' అంటే 'మన ఊళ్లు' అని అర్థం.

మైదానంలో ముఠా అంటే మోత కూలీల జట్టు. రేవులో, అనకాపల్లి బెల్లం మార్కెట్లో, గోడౌన్ల దగ్గర బస్తాలు ఎత్తి దించేవాళ్లను ఇప్పటికీ ముఠా కార్మికులనే అంటారు. వాళ్లకు పెద్ద ముఠా మేస్త్రి. 1993లో చిరంజీవి సినిమా ఆ పేరుతోనే వచ్చింది. మా నాన్న చింతపల్లి సంతలో చింతపండు, పసుపు బస్తాలు లారీకెత్తే ముఠాలో కొన్నేళ్లు పనిచేశాడు. బస్తాకింత అని వచ్చిన డబ్బు సాయంత్రం తువ్వాలు పరిచి అందరూ సమానంగా పంచుకునేవాళ్లు. ఒకరికి జ్వరం వస్తే ఆ రోజు వాటా ఇంటికి పంపేవాళ్లు. మా నాన్నకు నడుం పట్టేసినప్పుడు 11 రోజులు అలా పంపారని మా అమ్మ చెప్పేది.

ఇక మూడో అర్థం పేపర్లో చూసింది. తాత ముఠాలో ఊళ్లు కలిసి ఉన్నాయి. నాన్న ముఠాలో బరువు కలిసి మోశారు. మేనల్లుడి ముఠాలో ఏముందో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

మేం కూర్మన్నపాలెంలో ఉంటాం. మా ఆయన స్టీలు ప్లాంటులో పనిచేస్తారు. నేను భీమిలి డైట్‌లో ట్రెయినింగ్ చేసి, కొండ మీద ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పి, తర్వాత ఇటువైపు బదిలీ మీద వచ్చాను. ఊళ్లో చదువుకోవాల్సిన పిల్లలు ఎవరుంటే వాళ్లకు మా ఇల్లే హాస్టలు. మేనల్లుడు ఇంటర్‌కని మా ఇంటికొచ్చాడు. ఆ ఏడు డిసెంబరులో, 2021లో, 'పుష్ప' వచ్చింది. నేనే డబ్బులిచ్చి పంపాను. రెండోసారి చూస్తానంటే నేనూ వెళ్లాను.

నిజం చెప్పాలి. నాకు నచ్చింది. ఇంటిపేరు లేదని అవమానించబడ్డ కూలీ ఒకడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే హాల్లో వెనక వరసల నుంచి లేచిన కేకలో నా గొంతు కూడా కలిసింది. ఏ ఆఫీసుకెళ్లినా ముందు మన వంటి రంగు చూసి, తర్వాత మన యాస విని, ఆఖరికి కాగితం తీసుకునేవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. తల వంచనివాణ్ణి తెర మీద చూస్తే రక్తం పొంగదా?

ఆ వేసవికి ముందు మా బడి వార్షికోత్సవంలో ఐదో తరగతి పిల్లలు ఆ పాటకు ఎగిరారు. భుజం ఒక పక్కకు ఎత్తి, గడ్డం కింద చెయ్యి తిప్పుతూ. వాళ్లకు నేర్పింది మా మేనల్లుడే. నెత్తిన దుంగలున్నట్టు నటించారు, పోలీసుల్ని బోల్తా కొట్టించినట్టు నటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో ముందు నేనున్నాను. మొదటి బహుమతి స్టీలు గ్లాసు నా చేత్తోనే ఇచ్చాను.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కథ కొత్తది కాదు. 1975లో హిందీలో 'దీవార్' వచ్చింది. రేవులో బస్తాలు మోసే కుర్రాడు స్మగ్లర్ల దగ్గర పెద్దవాడవుతాడు. మరుసటేడు ఎన్టీ రామారావుతో తెలుగులో 'మగాడు'గా తీశారు. 1987లో మణిరత్నం 'నాయకుడు' వచ్చింది. దానికి ఆధారమని చెప్పుకునే వరదరాజన్ ముదలియార్ బొంబాయి రైల్వేస్టేషన్లో మూటలు మోసి బతికినవాడు. బొంబాయి స్మగ్లర్ హాజీ మస్తాన్ కూడా రేవులో కూలీయే. 'కేజీఎఫ్', 'పుష్ప' అదే వరస. మోత కూలీ దొర అవుతాడు. మన దేశంలో నేర ముఠాల సినిమాకు ఇది వెన్నుపూస లాంటి కథ. అమెరికా వాళ్ల 'గాడ్‌ఫాదర్'లో కుటుంబం, వారసత్వం నడిపిస్తాయి. మన దగ్గర మూట నడిపిస్తుంది.

అందుకే ఇవి మన పిల్లల్ని పట్టుకుంటాయి. మూట మనకు తెలిసిన వస్తువు. ఆకలి, అవమానం, కోపం మూడూ నిజమే. వాటిని చూపించినందుకు సినిమాను నేను తప్పుపట్టను. తప్పు లెక్కలో ఉంది. వందమంది మోస్తే ఒకడు దొర అవుతాడు. కెమెరా ఆ ఒక్కడి వెంటే పోతుంది. మిగతా తొంభై తొమ్మిది మందీ మొదటి అరగంటలో తెర మీద నుంచి తప్పుకుంటారు. వాళ్లు ఎటు పోయారని హాల్లో ఎవరూ అడగరు.

ఎటు పోయారో 'పుష్ప' అడవిలోనే చూడొచ్చు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది దాదాపు మన శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లోనే. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున శేషాచలం అడవిలో రెండు చోట్ల 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు అన్నారు, కాదని హక్కుల సంఘాలు అన్నాయి. ఆ వాదన సంగతి అలా ఉంచితే, చనిపోయినవాళ్లంతా తమిళనాడు నుంచి దుంగలు కొట్టడానికి వచ్చిన పేదలు. వాళ్లలో పలువురు జవ్వాదు కొండల ఆదివాసులు, మలయాళీ అనే తెగవాళ్లు. మన చుట్టాలు అనుకోండి. కొండ వేరు, భాష వేరు, కథ ఒకటే. ఆ 20 మందిలో దుంగ ఎగుమతి చేసే షావుకారు ఒక్కడూ లేడు.

ఆ వార్త వచ్చిన రోజుల్లో నేను కొండ మీదే పనిచేస్తున్నాను. చదివాను, బాధపడ్డాను. ఆరేళ్లకు 'పుష్ప' చూసేటప్పుడు ఒక్కసారి కూడా గుర్తురాలేదు. సినిమా బలం అది.

మన కొండల సంగతికి వద్దాం. గంజాయి మన పూర్వీకుల పంట కాదు, రాగి, సామ, వలిసెల మాదిరి. పెట్టుబడి బయటి నుంచి వచ్చింది. విత్తనం, అడ్వాన్సు, కొనేవాడు అన్నీ బయటివే. భూమి మనది, చెమట మనది, కేసు మనది. 2021 అక్టోబరు ఆఖర్లో ప్రభుత్వం 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టి విశాఖ ఏజెన్సీలో 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికేసింది. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయి కుప్పపోసి తగలబెట్టారు. సాగు చాలావరకు తగ్గింది. అయితే ఒడిశా వైపు నుంచి సరుకు మన దారుల మీదుగానే దిగుతూ వచ్చింది. సాగు పోయినా మోత మిగిలింది.

ఆ మోత ఎలా నడుస్తుందో మేనల్లుడి నోట విన్నదే చెప్తాను. సరుకు పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో పెద్ద ఊళ్లో ఉంటాడు, కొండ ముఖం చూడడు. అతని కింద బేరగాడు. బేరగాడి కింద సంతలో మన యాసతోనే మాట్లాడేవాడు ఒకడు. ముందు బైకు మీద దారి చూసేవాణ్ణి పైలట్ అంటారు. చివర మూట మోసేవాడు. ఒకడికి పక్కవాడి ఫోన్ నంబరు, ముద్దుపేరు తప్ప ఏమీ తెలీదు. అలా కావాలనే పెడతారు. చివరివాడు దొరికితే గొలుసు అక్కడే తెగిపోవాలి. లాభం పైకి ఎక్కుతుంది, శిక్ష కిందికి దిగుతుంది. సినిమాల్లో రెండున్నర గంటలు చూపించే వ్యవస్థ మొత్తం ఇంతే.

మేనల్లుడు ఇంటర్‌లో లెక్కలు తప్పాడు. జంక్షన్లో పొద్దున్నే కూలీల అడ్డాలో నిలబడి ఒక కాంట్రాక్టరు కింద హెల్పరుగా వెళ్లాడు. రెండు నెలల డబ్బులు ఎగ్గొట్టారు. కాఫీ పళ్లు కోతకని ఊరెళ్లిపోయాడు. అక్కడ సంతలో పరిచయమైనవాడు ఫోన్ చేశాడు. నర్సీపట్నంలో సంచి ఇస్తారు, దువ్వాడ స్టేషన్ బయట ఇంకొకడు తీసుకుంటాడు, 5 వేలు. దువ్వాడ అంటే మా ఇంటి పక్కే.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. "అత్తా, రాత్రికి వస్తున్నాను" అన్నాడు.

"తిండికొచ్చేస్తావా?"

"వచ్చేత్తాను. కోడికూర వండు."

వండాను. పది దాటింది. పదకొండు దాటింది. ఫోన్ మోగుతోంది, తర్వాత అదీ లేదు. బస్సును హైవే మీద ఆపి తనిఖీ చేశారని తెల్లారాక తెలిసింది. ఇది 2024 ఫిబ్రవరి.

సంచిలో ఉన్నది 22 కిలోలు.

తోటి టీచర్లూ, పిల్లలూ ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయికి మూడు మెట్లున్నాయి. కిలో వరకు చిన్న మొత్తం, ఏడాది దాకా జైలు. కిలో దాటి 20 కిలోల లోపు అయితే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు కనీసమే 10 ఏళ్లు, 20 ఏళ్ల దాకా పోవచ్చు. జరిమానా లక్ష నుంచి 2 లక్షలు. బెయిలు కూడా మామూలుగా రాదు. ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణం ఉందని కోర్టుకు అనిపించాలి. ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజులు గడువు.

ఎత్తిచ్చినవాడు తూచి ఇవ్వలేదు. మోసినవాడు తూచి తీసుకోలేదు. సంచిలో ఎంతుందో వాడికి తెలిసింది స్టేషన్లో కాటా మీద పెట్టినప్పుడు. సినిమాల్లో టన్నులు, లారీలు, కంటైనర్లు. మా ఇంటి మీద పడింది 2 కిలోలు. రెండు కిలోలంటే మా నాన్న పసుపు బస్తాలో తరుగు కింద తీసేసేంత.

ఎఫ్ఐఆర్‌లో ఏ1 మా మేనల్లుడు. ఏ2, ఏ3 పరారీలో ఉన్నారని రాశారు. వాళ్లకు ఇంటిపేర్లు కూడా లేవు, ముద్దుపేర్లు మాత్రమే. పెద్ద సినిమాల్లో ఏ1 అంటే డాన్. మా ఇంట్లో ఏ1 అంటే వాళ్లమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె సంచిలో పైన పెట్టుకుని బస్సెక్కిన 19 ఏళ్ల కుర్రాడు.

సెంట్రల్ జైలు అడవివరంలో ఉంది. ఊరి పేరు చూడండి, అడవి ఇచ్చిన వరమట. కూర్మన్నపాలెం నుంచి రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. ములాఖాత్ వరసలో నిలబడితే మన యాస, ఒడియా, తమిళం, మలయాళం అన్నీ వినపడేవి. ఒకసారి నా వెనక నిలబడ్డ ముసలాయన చేతిలో ఆధార్ కార్డు తప్ప ఏమీ లేదు. కొడుకు ఏ కేసులో ఉన్నాడో ఆయనకు తెలీదు. "ఏదో మూట కేసంట తల్లీ" అన్నాడు.

మా వదిన కొండ దిగి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది. "ఆడికి సంచి ఇచ్చినోడు ఒక్కసారైనా వచ్చాడా?" రాలేదు. ఆ నంబరుకు మా ఆయన నెల రోజులు ఫోన్ చేశారు. మొదటి రోజు నుంచే స్విచాఫ్. లాయరును పెట్టలేదు, ఇంటికి బియ్యం పంపలేదు, 5 వేలు కూడా ఇవ్వలేదు.

ముఠా సినిమాల్లో అసలు అబద్ధం ఏంటో నాకు ఆ వరసలో తెలిసింది. కత్తులు, తుపాకులు కాదు. వాటిని ఎవరూ నిజమనుకోరు. అసలు అబద్ధం విశ్వాసం. 'నాయకుడు'లో బస్తీ అంతా ఆయన బిడ్డలే. 'గాడ్‌ఫాదర్'లో నమ్మినవాడి కష్టం ఆయన కష్టమే. 'పుష్ప'లో కూలీలు అన్నా అని పిలుస్తారు, అన్న వస్తాడు. ఇల్లు వదిలి పట్నం వచ్చి, పని దొరక్క, పిలిచేవాడు లేక తిరిగే కుర్రాడికి ఆ అన్న కావాలి. డబ్బు కన్నా ముందు వాణ్ణి పట్టేది అదే. "నువ్వు మనవాడివి" అన్న మాట. మా మేనల్లుడు చెప్పాడు, సంతలో పరిచయమైనవాడు మొదటి రోజు టీ తాగించి "తమ్ముడూ" అన్నాడట. జంక్షన్లో కాంట్రాక్టరు రెండు నెలల్లో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదట.

ఇక్కడ నా తప్పూ ఉంది. లెక్కలు తప్పినప్పుడు నేను వాణ్ణి తిట్టాను. "మీ నాన్న మూటలు మోసినట్టు నువ్వూ మొయ్యి" అన్నాను. పంతులమ్మను, ఆ మాట అనకూడదు. అన్నాను.

ఇంకొక సంగతి మనం మరిచిపోకూడదు. పేపర్లో ముఠా అన్న ముద్ర ఒక కుర్రాడి మీదే ఆగదు. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలని రాసుకుని, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సెటిల్‌మెంట్ పెట్టి కాపలా కాశారు. ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరు మీద 'స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' అని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ల మీద ఒక్క సినిమా లేదు. ఇప్పుడు నర్సీపట్నం బస్సులో చింతపల్లి, పాడేరు యాసతో మాట్లాడే కుర్రాడి సంచి మీదికి నలుగురి చూపూ పోతోంది. మా అబ్బాయి కాలేజీలో స్నేహితులు "మీ ఊరి నుంచి ఏం తెచ్చావు" అని కన్ను గీటి అడుగుతారట. వాడు తెచ్చింది మిరియాలు.

కాబట్టి బడిలో నేను పద్ధతి మార్చుకున్నాను. సినిమాలు చూడొద్దని చెప్పను. చెబితే వినరు, ఎందుకు వినాలి కూడా. చూసి వచ్చాక కూర్చోబెడతాను. ఒకటే పని ఇస్తాను. "హీరో పక్కన మూట ఎత్తినవాడు ఒకడున్నాడు. వాడికి పేరు పెట్టండి. వాళ్లమ్మ పేరు రాయండి. లారీ పట్టుబడిన రాత్రి వాడేమయ్యాడో పది వాక్యాలు రాయండి." మొదట్లో నవ్వుతారు. తర్వాత తల వంచి రాస్తారు. ఒక పిల్లవాడు రాశాడు, "వాడు పరిగెత్తలేదు, ఎందుకంటే చెప్పు తెగిపోయింది" అని. ఇంకో అమ్మాయి రాసింది, "వాడి చెల్లి బడి మానేసింది" అని. ఏ సినిమాలోనూ లేని సీన్లు ఇవి.

పెద్ద తరగతులు చెప్పే టీచర్లు లెక్కల పీరియడ్లో ఆ మూడు మెట్లూ బోర్డు మీద రాయండి. కిలో, 20 కిలోలు, ఏడాది, పదేళ్లు, ఇరవయ్యేళ్లు. మన పిల్లలకు బస్తా బరువు చూపుతో చెప్పేయగల నేర్పు ఉంది. చట్టం బరువు కూడా తెలియాలి. ఎవరైనా ఊరికే సంచి పట్టుకెళ్లమంటే లోపల ఏముందని అడిగే హక్కు, వద్దనే హక్కు ఉన్నాయని చెప్పండి. బెదిరిస్తే, ఆశ పెడితే 1972 నంబరుకు చెప్పొచ్చు. గంజాయి మీద పనిచేయడానికి 2024 నవంబరులో పెట్టిన ఈగల్ విభాగానిది అది. ఇప్పటికే కేసులో ఇరుక్కుంటే షెడ్యూల్డ్ తెగలవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెప్తోంది. 15100కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. ఇది నాకు నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది. ఆ నాలుగు నెలల్లో మా అన్నయ్య రెండు ఎడ్లనూ అమ్మేశాడు.

చట్టం చెప్పినంత మాత్రాన చాలదని కూడా నాకు తెలుసు. "నువ్వు మనవాడివి" అనే మాట వేరే ఎవరో అనేలోపు మనం అనాలి. లెక్కలు తప్పినవాడితో, కూలికెళ్లి డబ్బులు పోగొట్టుకున్నవాడితో, ఊరికి తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నవాడితో. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన రెండు నెలల కూలి అడగడానికి వాడి వెంట నేనో, మా ఆయనో వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. వాడు ఒంటరిగా అడిగి, ఒంటరిగా తిరిగొచ్చాడు.

మా కూర్మన్నపాలెం జంక్షన్లో 2021 ఫిబ్రవరిలో స్టీలు ప్లాంటు ప్రైవేటు చేయొద్దని కార్మికులు దీక్షా శిబిరం వేశారు. ఏళ్ల తరబడి రిలే నిరాహార దీక్షలు సాగాయి. మా ఆయన వంతు వచ్చిన రోజుల్లో నేను సాయంత్రం బడి నుంచి అటే వెళ్లి కూర్చునేదాన్ని. ఒక రోజు ఒక విభాగం వాళ్లు, మర్నాడు ఇంకో విభాగం వాళ్లు. ఆకలిని కూడా వంతులేసుకోవచ్చని అక్కడ చూశాను. మా నాన్న తువ్వాలు మీద కూలి పంచుకున్న సాయంత్రాలు గుర్తొచ్చాయి. మా మేనల్లుడు అదే జంక్షన్లో, ఆ శిబిరం ఎదురుగా, రోడ్డుకు అవతల కూలీల అడ్డాలో ఒంటరిగా నిలబడేవాడు. రోడ్డు దాటించి వాణ్ణి ఇటు తీసుకొచ్చి కూర్చోబెట్టాలని నాకు అప్పుడు తోచలేదు.

వాడు 2025 మార్చిలో బెయిలు మీద బయటికొచ్చాడు. కేసు నడుస్తోంది. వారం వారం స్టేషన్‌కెళ్లి సంతకం పెట్టాలి. మా ఇంట్లోనే ఉండి ఓపెన్‌గా ఇంటర్ లెక్కలు మళ్లీ కడుతున్నాడు. తీర్పు ఏమొస్తుందో మాకు తెలీదు. రాత్రిళ్లు వాడి గదిలో దీపం ఆరే దాకా నాకు నిద్ర పట్టదు.

ఆ సెప్టెంబరులో క్రిష్ తీసిన 'ఘాటి' వచ్చింది. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి మోసే మనుషుల కథ. అనుష్క వేసిన నాయిక పేరు శీలావతి. మన కొండల్లో ఆ పేరుతో గంజాయిలో ఒక రకం ఉంది. మొదటిసారి మోసేవాళ్లనే కథకు నడుమ పెట్టారు కదా అని నాకు ఆశ కలిగింది. చూద్దామా అని వాణ్ణి అడిగాను. హాలుకు రానన్నాడు. తర్వాత ఒక రాత్రి ఫోన్లో నేను చూస్తుంటే వచ్చి నా వెనక నిలబడ్డాడు. కొండ దారిలో మూటలతో నడిచే సీను వచ్చింది. కాసేపు చూశాడు.

"అత్తా, ఆళ్ల మూటల్లో ఏటీ లేదు" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నడుం వంగలేదు."

అని వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాడు. నేను ఫోన్ ఆపేశాను. కాసేపటికి లెక్కల పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఇది రావట్లేదు, చెప్పవా" అన్నాడు. నాకూ రాలేదు. మా ఆయన్ని లేపాం. ముగ్గురం కలిసి ఆ లెక్క చేసేసరికి ఒంటిగంట అయింది.